వేటకుక్క అని పంపించేయమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: సొంత ఫ్లాట్‌లో రెండేళ్ల అఫ్ఘాన్ హౌండ్‌ను పెంచుతున్నాం. ఎవరినీ కరవలేదు. అయినా ‘వేటకుక్క, పిల్లలకు ప్రమాదం, లిఫ్టునిండా వెంట్రుకలు’ అంటూ అసోసియేషన్ తీర్మానం చేసి, నెలలోపు పంపించేయమని నోటీసు ఇచ్చింది. మొన్న వాకింగ్‌లో మెడపట్టీ తప్పించుకుని కుందేలు వెంటపడటంతో గొడవ ముదిరింది. గొడవెందుకని ఇప్పుడు బాల్కనీలోనే కట్టేస్తున్నాం. మేం కుక్కను వదులుకోవాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ తీర్మానంతో గానీ బైలాలు మార్చి గానీ పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదు. పెద్ద కుక్క, చిన్న కుక్క అనే తేడా కూడా చూపకూడదు. కొన్ని జాతులను నిషేధించాలంటూ 2024 మార్చిలో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. ఆ జాబితాలో మీ జాతి లేదు. ఆ సర్క్యులర్‌నే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది.

నాకు అంతకంటే బెంగగా ఉన్నది ఆ బాల్కనీ సంగతి. కుక్కను ఎప్పుడూ గొలుసుతోనో ఇరుకు చోటులోనో ఉంచి తగిన వ్యాయామం చేయించకపోవడం జంతుహింస నిరోధక చట్టం 1960, సెక్షన్ 11(1)(జి) కింద నేరం. జరిమానా నామమాత్రమే అయినా, మీ ప్రత్యర్థి చేతికి మీరే ఆయుధం ఇచ్చినట్లవుతుంది. అసలే ఇది పరుగుకు పుట్టిన జాతి. కట్టేస్తే దిగులుపడుతుంది, అరుస్తుంది. ఫిర్యాదులు ఇంకా పెరుగుతాయి. ఈరోజే విప్పండి.

కుందేలు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. చేయి జారి జరిగింది కాబట్టి వేట అని నిరూపించడం కష్టం. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ‘వేట’ నిర్వచనంలోకి జంతువును తరమడం కూడా వస్తుంది. సరదాకైనా కావాలని ఉసిగొల్పితే కేసే. ఈ కుక్కలు వాసన కంటే చూపుతో వేటాడతాయి. ఏదైనా కదిలిందా, పిలిచినా వినవు. తల సన్నం, మెడ దానికంటే లావు కనుక వెనక్కి గుంజుకుంటే మామూలు పట్టీ ఊడొస్తుంది. లాగితే బిగుసుకునే మార్టింగేల్ పట్టీ వాడండి. కంచె లేని చోట ఎప్పుడూ వదలకండి. మీ అజాగ్రత్త వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు వచ్చేలా ఉంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 వర్తిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ.

వెంట్రుకల ఫిర్యాదుకు జవాబు మీ చేతిలోని దువ్వెనే. ఈ జాతికి ఊడిన వెంట్రుక చాలావరకు కింద పడదు, జూలులోనే ఉండి ఉండ కడుతుంది. చెవుల వెనక, చంకల్లో ఉండలు కడితే చర్మం లాగి నొప్పి పుడుతుంది. అనవసర బాధ కలగకుండా చూడటం జంతుహింస నిరోధక చట్టం సెక్షన్ 3 ప్రకారం యజమాని బాధ్యత.

ఇక నోటీసుకు గడువులోపే రాతపూర్వకంగా బదులివ్వండి. రేబిస్ టీకా రికార్డు, స్థానిక సంస్థ లైసెన్స్ నకళ్లు జతచేసి, పట్టీ మార్చిన సంగతీ రాయండి. లైసెన్స్ లేకపోతే ముందు అది తీసుకోండి. అప్పటికీ నీళ్లు, కరెంటు ఆపుతామని బెదిరిస్తే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (అలా చేయకుండా ఆపే ఉత్తర్వు) అడగొచ్చు.