టీసీ తీసుకోకండి, ముందు రాసిమ్మనండి

ఏడో తరగతి బాబుకి డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందని తెలిశాక, ‘మా దగ్గర స్పెషల్ టీచర్ లేరు, టీసీ తీసుకెళ్లండి’ అని స్కూల్ వాళ్ళు నోటిమాటగా చెప్పారన్నారు కదండీ. తీసుకోకండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పే 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా వస్తుంది. ప్రభుత్వ గుర్తింపున్న ప్రైవేటు స్కూల్‌కీ ఆ చట్టం వర్తిస్తుంది.

వాళ్ళన్న మాటే రాసిమ్మని ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెట్టండి. సాధారణంగా రాసివ్వరు, గొడవ సగం అక్కడే తగ్గుతుంది. బాబుకి కావలసినవీ అందులోనే అడగండి: ముందు బెంచీ, బోర్డు మీది నోట్సు జిరాక్స్, సైన్స్, సోషల్‌లో స్పెల్లింగ్ తప్పులకి మార్కులు తీసేయకపోవడం, కొన్ని ప్రశ్నలకి నోటితో జవాబు చెప్పనివ్వడం, అందరి ముందూ పైకి చదివించకపోవడం. వీటిలో దేనికీ స్పెషల్ టీచర్ అక్కర్లేదు. నన్నడిగితే ఆ చివరిది ముందు ఆపించండి. చదవడం రాని పిల్లాడికి బడంటే టెన్షన్ మొదలయ్యేది అక్కడే, క్లాసంతా నవ్వేది కూడా అప్పుడే.

వైకల్య సర్టిఫికెట్‌కి ఇప్పుడే యూడీఐడీ పోర్టల్‌లో (దివ్యాంగుల గుర్తింపు కార్డుల ప్రభుత్వ వెబ్‌సైట్) అప్లై చేయండి. పదో తరగతిలో స్క్రైబ్ (బాబు చెప్తే పరీక్ష రాసిపెట్టే మనిషి), అదనపు సమయం కావాలంటే అది చూపించాలి. సీబీఎస్‌ఈ అయితే మూడు గంటల పరీక్షకి గంట ఎక్కువిస్తారు. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే అక్కడి టీచర్‌ని ఒకసారి కలవండి. స్కూల్ అప్పటికీ వినకపోతే ఆ మెయిల్ కాపీతో మండల విద్యాధికారికి (ఎంఈఓ), తర్వాత జిల్లా విద్యాధికారికి (డీఈఓ) ఫిర్యాదు ఇవ్వండి.