యూరియా గడ్డికి పట్టింది, పెయ్యలకు పట్టలేదు

సందేహం: గుణుపురం పక్కన మూడెకరాల ఎర్ర మెట్టకు కంచె వేసి గినీ గడ్డి పెంచుతున్నాను. మోటు అనే పొట్టి నాటు జాతివి మూడు పెయ్యలు, రెండు కోడెలు అందులోనే మేస్తాయి. నిరుడు తొలకరికి ఎకరాకు రెండు బస్తాల యూరియా ఒకేసారి చల్లాను. గడ్డి మనిషెత్తు లేచింది గాని పశువులు ఒళ్ళు చేయలేదు. ఒక పెయ్య బొమికలు నములుతోంది. ఈసారి మూడో బస్తా వేయమంటారా?
– ఒక రైతు, రాయగడ జిల్లా, ఒడిశా

సలహా: వద్దు. నిరుటి యూరియా తన పని తాను చేసింది. తప్పిందల్లా ఆ గడ్డిని తినే నోళ్ళ లెక్క. మీ పశువులు ఒక్కొక్కటి నూరు, నూట ఇరవై కిలోలు ఉంటాయనుకుంటే రోజుకు 12 నుంచి 15 కిలోల పచ్చిగడ్డి చాలు. మిగిలింది ముదిరి పుల్లయిపోతుంది. ఎండు బరువులో మాంసకృత్తులు 7 శాతం కంటే దిగితే పొట్టలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులకే తిండి చాలదు. అప్పుడు మోకాలి లోతు గడ్డిలో నిలబడి కూడా పశువు అర్ధాకలితో ఉంటుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మాంసానికి పెంచే పశువుల దగ్గరా ఇదే తేలింది. నత్రజని వేస్తే ఎకరాకు మేపగల పశువుల సంఖ్య పెరుగుతుంది, ఒక్కో పశువు బరువు మాత్రం అంతగా పెరగదు. నేల తక్కువై పశువులు ఎక్కువైన వారికే యూరియా గిట్టుబాటు. మీది తలకిందుల పరిస్థితి.

నాకు గడ్డి కంటే ఆ బొమికల సంగతే ఎక్కువ దిగులుగా ఉంది. అది భాస్వరం లోపానికి గుర్తు. పుల్లటి ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసుకుంటాయి. గడ్డికి అందనిది పశువుకు ఎక్కడినుంచి వస్తుంది? పెయ్యలు ఎదకు రావడం కూడా ఆలస్యమవుతుంది. కుళ్ళిన బొమికల్లోని విషంతో కాళ్ళు చచ్చుబడి ప్రాణం పోవచ్చు. కాబట్టి ఈరోజే వాటిని ఏరి లోతుగా పూడ్చండి. భాస్వరం ఉన్న ఖనిజ మిశ్రమాన్ని రోజూ దాణాలో కలపండి, ఉప్పు ఒక్కటే చాలదు.

ఇక పొలం. ముందు గుణుపురం కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించండి. పులుపు ఎక్కువని తేలితే వారు చెప్పిన మోతాదులో సున్నం వేయాలి. మీ జిల్లాలో కాగితం మిల్లు ఉంది కాబట్టి అక్కడి సున్నపు మడ్డి దొరుకుతుందేమో అడగండి, చవకలో పోతుంది. తర్వాత రెండెకరాల్లో గినీ గడ్డి వరసల మధ్య స్టైలో అనే పప్పుజాతి పశుగ్రాసం విత్తనం చల్లి, ఎకరాకు రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయండి. అందులో గంధకం కూడా ఉంటుంది, స్టైలోకు అది అవసరం. విత్తనం పెంకు గట్టిది. 80 డిగ్రీల వేడి నీటిలో నాలుగైదు నిమిషాలు ముంచి తీసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, ఆరాక చల్లాలి. ఆ రెండెకరాల్లో యూరియా ముట్టుకోవద్దు. వేస్తే గడ్డి ఏపుగా లేచి స్టైలోను నీడలో చంపేస్తుంది. గాలిలోని నత్రజనిని ఉచితంగా తెచ్చిపెట్టే మొక్కను డబ్బు పోసి చంపుకున్నట్టే.

మూడో ఎకరాన్ని కోసి వేసే గడ్డికి ఉంచుకోండి. ప్రతి కోత తర్వాత నేలలో పదును చూసి అర బస్తా యూరియా చాలు. చల్లాక మూడు వారాల దాకా ఆ గడ్డి పశువు నోటికి అందకూడదు. ఎండకు వాడి, ఆపై వాన పడి చివురించిన గడ్డిలో నైట్రేట్ పేరుకుంటుంది. ఆకలి మీదున్న పశువు అది మేసి రొప్పుతూ, చిగుళ్ళు నీలిగా మారి, రక్తం చాక్లెట్ రంగులో కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకుండా పశువైద్యుణ్ణి పిలవండి. దీనికి సూది మందు ఉంది గాని వేళకు పడాలి. యూరియా కలిపిన బకెట్టును పశువులు తాగే నీళ్ళ తొట్టిలో కడిగేవారిని చూశాను, ఆ పని అసలు చేయవద్దు.

పశువులు మేసిన పోషకాల్లో ఎక్కువ భాగం పేడ, మూత్రంగా తిరిగి నేలకే చేరుతుంది. కాకపోతే మధ్యాహ్నమంతా ఇప్పచెట్టు నీడలో పడుకునే మందకు ఆ చెట్టు కిందే ఎరువు. నీళ్ళ తొట్టిని పదిహేను రోజులకోసారి పొలంలో మరో మూలకు మార్చండి. చెట్టు కింది పేడను ఎత్తి, గడ్డి పలచగా ఉన్న చోట వేయించండి.