కీమో ఎక్కించాక ఇంట్లో మొదటి రోజులు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి శ్రీనుకు అత్తయ్య ఆశీస్సులు.

వదినకి మొదటి కీమో ఎక్కించి తెనాలి తీసుకొచ్చేశామని నువ్వు పంపిన మెసేజ్ విన్నాను. నీ భయమంతా వాంతుల గురించే. క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి చెబుతున్నాను, వాంతులకి ఇప్పుడు మంచి మందులున్నాయి. నాకు భయం మీ అమ్మ అలవాటుతోనే. ఒంట్లో ఎలా ఉన్నా "బాగానే ఉన్నానురా" అంటుంది. అందుకని "ఎలా ఉందమ్మా" అని అడగకు. పొద్దుట్నుంచి ఎన్ని గ్లాసులు తాగావు, మోషన్ అయిందా, నోట్లో ఎక్కడైనా మండుతోందా అని అడిగి, తేదీ వేసి ఒక నోట్‌బుక్కులో రాయి. వచ్చేసారి డాక్టరు అడిగేవి కూడా అవే.

ఎక్కించిన మందుల్లో ఎర్రది ఒకటుందన్నావు కదా, అది అడ్రియామైసిన్. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదని ముందే చెప్పు, లేకపోతే బాత్రూంలో ఒక్కతే చూసుకుని హడలిపోతుంది. మొదటి 48 గంటలు మందు మూత్రంలో, వాంతిలో బయటికి పోతుంటుంది. రెండుసార్లు ఫ్లష్ చెయ్యండి, ఖరాబైన బట్టలు విడిగా ఉతకండి, శుభ్రం చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోండి. కోడలు పిల్ల కడుపుతో ఉంది, ఈ పని తనకి పెట్టకు. అమ్మ పక్కన కూర్చోవడానికి, కాళ్లు పట్టడానికి మాత్రం ఎవరికీ ఏ భయమూ అక్కర్లేదు.

వాంతుల మాత్ర వాంతి అయ్యాక వేసేది కాదు. వికారం లేకపోయినా రాసిన వేళకి పడాలి. వికారం రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా మళ్లీ తిరగబెడుతుంది. "నిన్నంతా బాగుంది కదా" అని జనం మాత్ర ఆపేసేది సరిగ్గా అప్పుడే. ఒండాన్‌సెట్రాన్ అనే వాంతుల మాత్రతో మలబద్ధకం వస్తుంది, రెండు రోజులు మోషన్ కాకపోతే డాక్టర్ని అడిగి సిరప్ తెచ్చుకో, ఎనిమాల జోలికి మాత్రం పోవద్దు. డెక్సా అనే స్టెరాయిడ్ మాత్ర రాసి ఉంటే పొద్దున టిఫిన్ చేశాక వెయ్యి, రాత్రి పడితే నిద్ర ఉండదు. దాంతో షుగర్ పెరుగుతుంది, వదినకి ఎలాగూ షుగర్ ఉంది కాబట్టి ఆ రోజుల్లో రోజూ చూడు. ఆ మాత్ర ఆగాక మనిషి ఉన్నట్టుండి నీరసపడిపోతుంది. మూడు రోజులు తిరిగిన మనిషి నాలుగో రోజు మంచం దిగలేదని బెంబేలెత్తకు.

తిండి సంగతి. పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది కాబట్టి వంటింటి తలుపు వేసుకుని వండండి. వేడివేడి అన్నం కన్నా చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, రాగిజావ తేలిగ్గా దిగుతాయి. గంటకోసారి రెండు ముద్దలు చాలు. నోరు ఇనుప రుచి కొడుతోందంటే స్టీలు చెంచా మార్చి ప్లాస్టిక్‌ది ఇవ్వండి. ఒకరోజు సరిగా తినకపోయినా గడిచిపోతుంది, తాగకపోతే గడవదు. మజ్జిగ, చారునీళ్లు గుక్కగుక్కగా పట్టించండి. తాగిన నీళ్లు కూడా కడుపులో ఆగకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యి. బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ కషాయం డాక్టర్ని అడక్కుండా వద్దు, కొన్ని లివర్ మీద పడతాయి. ఇవన్నీ చెప్పేవాళ్లు చాలామంది వస్తారు, రాత్రి తోడు పడుకోవడానికి ఒక్కరూ రారు.

ఇప్పుడు అసలు మాట. వారం తిరిగేసరికి వికారం పోతుంది, ఆకలి వేస్తుంది, గండం గడిచిందనుకుంటారు. ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడే తెల్లకణాలు బాగా పడిపోయేది అప్పుడే, సుమారుగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల. అప్పుడు 100.4 జ్వరం వచ్చిందంటే, అర్ధరాత్రి అయినా సరే, వెంటనే బయల్దేరాలి. చలితో వణికినా అంతే. డోలో వేసి తెల్లారాక చూద్దామనుకోవద్దు. మాత్రతో జ్వరం కనపడకుండా పోతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. క్యాజువాలిటీలో అడుగుపెడుతూనే "కీమో పేషెంటు, ఫలానా తారీఖున ఎక్కించారు, జ్వరం" అని చెప్పు, ఓపీ లైన్లో కూర్చోవద్దు. రాత్రి ఒంటిగంటకి గుంటూరు హాస్పిటల్‌కి వెళ్లాలంటే బండి ఎవరిదో, ఫైలు ఎక్కడుందో, వార్డు నంబరేమిటో ఇవాళే తేల్చుకో. తెల్లకణాల కౌంట్ పెంచే ఇంజెక్షన్ రాసి ఉంటే అది కీమో అయిన 24 గంటలు దాటాక చేయించాలి. దాంతో నడుము, ఎముకలు లాగేస్తాయి. ఆ నొప్పికి కూడా సొంతంగా మాత్ర వెయ్యకు, ఫోన్ చేసి అడుగు.

జలుబు, దగ్గు ఉన్నవాళ్లని గుమ్మంలోనే ఆపెయ్. చెడ్డపేరు వస్తే నా పేరు చెప్పు, మా అత్తయ్య ఒప్పుకోదని. గుడి నుంచి పచ్చిపాల పంచామృతం తెస్తే కళ్లకద్దుకుని పక్కన పెట్టమను. బయట కోసి అమ్మే పండ్లు వద్దు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ పుక్కిలించమను. మెత్తటి బ్రష్షు కొను. సూది పెట్టిన చేయి ఎర్రబడినా, వాచినా బామ్ రుద్దకండి, వెంటనే చూపించండి.

జుట్టు రెండు మూడు వారాల్లో ఊడుతుంది. ఆ జడ ఆవిడకెంత ఇష్టమో నీకు తెలుసు. ముందే పొట్టిగా కత్తిరించుకుంటావా అని ఆవిడని నేను అడుగుతాను, నువ్వు ఎత్తకు. అలాగే కింద మంట, గాటు, తెల్లబట్ట లాంటివి ఆవిడ కొడుక్కి చచ్చినా చెప్పదు. రోజూ సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్ కలిపి చేతికిచ్చి, నువ్వు గదిలోంచి వెళ్లిపో. ఆ కాసేపట్లో వీధి చివరికి వెళ్లి ఓ టీ తాగి రా. ఇవాళైతే మందుల షాపు దాకా వెళ్లి డిజిటల్ థర్మామీటర్లు రెండు తే, ఒకటి మొరాయించినా ఇంకోటి ఉంటుంది.

మీ అత్తయ్య