ఇంట్లో కేస్ లూబ్ కలుపుకోవడం: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను (కేసులను) మళ్లీ నింపి వాడుకోవడానికి, అంటే రీలోడింగ్‌కి, ప్రెస్ బిగించడం అయిపోయింది, .223 రైఫిల్ కేసులను మళ్లీ అసలు కొలతకు నొక్కేటప్పుడు (సైజ్ చేసేటప్పుడు) పూసే జిడ్డు, అదే లూబ్, కొనాలా, ఇంట్లోనే కలుపుకోవాలా అని అడిగావు. కలుపుకో. కావలసినవి రెండే వస్తువులు, పావుగంట పని. కలపడంలో ఎవరూ పెద్దగా తప్పు చేయరు, పూసేటప్పుడే చేస్తారు. అందుకని కలిపే సంగతి కొంచెం, పూసే సంగతి ఎక్కువ రాస్తున్నాను.

దానికంటే ముందు చట్టం. నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి వీసా గొడవ లేదు. నీతో పాటు గ్యారేజీలో కూర్చుంటానంటున్న నీ ఆఫీసు మిత్రుడు ఇంకా హెచ్1బి మీదే ఉంటే మాత్రం జాగ్రత్త. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటాలు దగ్గర పెట్టుకున్నా అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరమే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. అతనికి అవి వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తేల్చుకున్నాకే రమ్మను. నీ సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. చేసినవి అమ్మడం మొదలుపెడితే కావాలి.

ఇక విషయానికి వస్తాను. తుపాకీ పేలినప్పుడు ఇత్తడి కేస్ ఉబ్బి, తూటా కూర్చునే చాంబర్ గోడలకు అతుక్కుంటుంది. ప్రెస్‌కు బిగించే సైజింగ్ డై అనే అచ్చు దాన్ని మళ్లీ అసలు కొలతకు నొక్కుతుంది. ఇత్తడి మెత్తన, డై ఉక్కుది. మధ్యలో ఏమీ లేకుండా అంత ఒత్తిడితో రాపిడి జరిగితే ఇత్తడి ఉక్కుకు కరుచుకుపోతుంది. నువ్వు లివర్ వెనక్కి లాగగానే రిమ్ (కేస్ అడుగు అంచు) చిరిగి చేతికొస్తుంది, కేస్ డైలోనే ఉండిపోతుంది. 9 ఎంఎం లాంటి పిస్టల్ కేసులకు కార్బైడ్ అనే గట్టి పదార్థపు రింగ్ ఉన్న డైలు దొరుకుతాయి కనుక వాటికి లూబ్ లేకపోయినా నడుస్తుంది. .223, .308 లాంటి సీసా మెడ రైఫిల్ కేసులకు ఆ వెసులుబాటు లేదు, లూబ్ ఉండి తీరాలి.

కలపడానికి కావలసిన రెండిట్లో మొదటిది లానోలిన్, అంటే గొర్రె ఉన్నిలో ఉండే మైనం. దాన్ని ఆల్కహాల్‌లో కరిగించాలి. పలచటి నూనె ఒత్తిడి పడగానే పక్కకు జారిపోతుంది. ఇది అలా జారదు, లోహాన్ని అంటిపెట్టుకుని సన్నటి పొరగా నిలబడుతుంది. కొబ్బరినూనెతో కానిచ్చేస్తే పోలా అనుకుంటావేమో, పోదు. ఆముదం సంగతి వేరు. చిక్కన, పైగా ఆల్కహాల్‌లో బాగా కలుస్తుంది. బజారులో దొరికే కొన్ని లూబ్‌లలో లానోలిన్‌తో పాటు ఆముదం కూడా ఉంటుంది. చేయి తిరిగాక కావాలంటే వేసి చూడు, మొదటిసారికి అక్కర్లేదు.

లానోలిన్ కొనేటప్పుడు సీసా మీద 'ప్యూర్' అనో 'అన్‌హైడ్రస్' అనో ఉండాలి. 'హైడ్రస్' అని ఉంటే అందులో నాలుగో వంతుకు పైగా నీళ్లుంటాయి, తీసుకోకు. లానోలిన్ ఉందని చెప్పే చర్మం క్రీములూ లోషన్లూ పనికిరావు, వాటిలో మైనం కంటే తక్కినవే ఎక్కువ. పాలిచ్చే తల్లుల కోసం అమ్మే లాన్సినో ట్యూబు అచ్చమైన లానోలినే, పని చేస్తుంది. కానీ ఔన్సు లెక్కన చూస్తే ఖరీదెక్కువ. ఇంట్లో మిగిలిపోయిన ట్యూబు ఉంటే సరే.

రెండోది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతానిది. మందుల షాపులో దొరికే 70 శాతం సీసాలో 30 వంతులు నీళ్లే. లానోలిన్ అందులో సరిగా కరగదు. తెల్లగా విరిగినట్టయి ముద్దలు కడుతుంది, ఎంత ఊపినా కలవదు. 91 శాతం సర్దుకుపోతుంది, అంతే. కారు సామాన్ల షాపులో పెట్రోలు ట్యాంకులో పోసే హీట్ అనే సరుకు దొరుకుతుంది. అందులో ఎర్ర సీసా ఐసోప్రొపైల్, పసుపు సీసా మిథనాల్. మిథనాల్ చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి ఎక్కే విషం. పసుపు సీసా జోలికి వెళ్లకు.

పాళ్లు ఒకటికి పన్నెండు. అంటే ఒక ఔన్సు లానోలిన్‌కు 12 ఔన్సుల ఆల్కహాల్. మన లెక్కలో సుమారు 28 గ్రాములకు 355 మిల్లీలీటర్లు. వేలకొద్దీ కేసులకు ఇది చాలు. .308 లాంటి పెద్ద కేసులు కష్టంగా సైజ్ అవుతుంటే ఒకటికి పది చేసుకోవచ్చు. అంతకంటే చిక్కగా చేస్తే స్ప్రే నాజిల్ పూడుకుపోతుంది, కేసుల మీద సొట్టలు మొదలవుతాయి.

లానోలిన్ సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కుళాయి వేడినీళ్లు గిన్నెలో పోసి, లానోలిన్ డబ్బాను పది నిమిషాలు అందులో ఉంచు. ఆల్కహాల్ సీసాను కూడా మూత కొద్దిగా వదులు చేసి అదే నీళ్లలో నిలబెట్టు. చల్లటి ఆల్కహాల్ తగిలితే కరిగిన లానోలిన్ మళ్లీ గడ్డకట్టి పలుకులు పలుకులుగా తేలుతుంది. ముందు లానోలిన్‌ను స్ప్రే బాటిల్‌లో పోసి, ఆల్కహాల్‌లో నాలుగో వంతు మాత్రం కలిపి బాగా ఊపు. ఒకసారి మూత తీసి లోపలి గాలి వదిలి, అది కరిగాక మిగతాది పోయి. రంగు లేత పసుపుగా, కాస్త మబ్బుగా ఉంటుంది. మర్నాటికి అడుగున కొంచెం పేరుకుంటే తప్పు చేశావని కాదు, వాడే ముందు ఊపితే కలిసిపోతుంది. చలికాలంలో గ్యారేజీలో ఉంచితే మైనం విడిపోతుంది. అప్పుడూ వేడినీళ్ల గిన్నే మందు.

పొయ్యి, మైక్రోవేవ్ జోలికి వెళ్లవద్దు. ఈ ఆల్కహాల్ ఆవిరి అంటుకోవడానికి 12 డిగ్రీల సెల్సియస్ చాలు, అంటే మామూలు గది వేడిలోనే అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడే పాకుతుంది. నీ గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాన్ని నేల మీద కాకుండా 18 అంగుళాల ఎత్తు పీఠం మీద పెట్టి ఉంటారు, చూశావా? నేల వెంబడి వచ్చే ఆవిరికి మంట తగలకూడదనే ఆ ఏర్పాటు. నువ్వు మాత్రం దాన్ని నమ్ముకోకుండా గ్యారేజీ తలుపు పైకెత్తి, ఆరుబయటికి దగ్గరగా కూర్చుని చెయ్యి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకో. ఉన్ని పడనివాళ్లకు లానోలిన్ కూడా దురద పెట్టొచ్చు. బాటిల్ మీద లోపల ఏముందో, తేదీ ఏమిటో రాసి అంటించు, పిల్లల చేతికి అందని చోట పెట్టు. ఎండలో నిలిపిన కారులో మర్చిపోకు.

ఇప్పుడు పూయడం. ఇక్కడ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే సగం కష్టాలు రావు. ఆల్కహాల్ పల్లకీ మోసే బోయీ మాత్రమే. లోపలున్న పెళ్లికూతురు లానోలిన్. బోయీ దించి వెళ్లిపోవాలి. తడి ఆరకముందే డైలోకి తోస్తే అక్కడ పని చేసేది మైనం కాదు, ఆల్కహాల్. అది జారుడు ఇవ్వకపోగా ఉన్న మైనాన్ని కూడా కడిగేస్తుంది. ఇంటి లూబ్ వాడి కేస్ ఇరుక్కుపోయిందని వాపోయేవాళ్లలో చాలామంది చేసిన తప్పు ఇదే. వాళ్లు తప్పు పాళ్ల మీద తోసి లానోలిన్ పెంచుకుంటూ పోతారు.

కేసులు ముందే శుభ్రంగా ఉండాలి. షూటింగ్ రేంజ్ నేల మీంచి ఏరుకొచ్చిన కేసుకు ఇసుక రేణువు అంటుకుని ఉంటే అది డై లోపల గీత పెడుతుంది, ఆ గీత తర్వాత వచ్చే ప్రతి కేసు మీదా కనిపిస్తుంది. ఓ వంద .223 కేసులను లోడింగ్ బ్లాకు (కేసులు నిలబెట్టే గుంటల పలక)లో మూతి పైకి పెట్టి నిలబెట్టు. బాటిల్ ఊపి, ఒక అడుగు దూరం నుంచి, 45 డిగ్రీల వాలుగా, నాలుగు వైపుల నుంచీ ఒక్కో పిచికారీ కొట్టు. వాలుగా కొడితేనే కొంత తుంపర నెక్ (కేస్ సన్నటి మెడ) లోపలికీ పడుతుంది, దాని అవసరం కింద చెబుతాను. రెండు వందలు ఒకేసారి చేయాలంటే గ్యాలన్ సైజు జిప్‌లాక్ కవర్లో పోసి, ఆరేడు పిచికారీలు కొట్టి, అటూ ఇటూ దొర్లించు. తర్వాత ట్రేలో పరిచెయ్యి. కవర్లోనే మూసి ఉంచితే ఆల్కహాల్ ఎక్కడికి పోతుంది?

వేసవిలో ఐదు నిమిషాల్లో ఆరుతుంది, చలిలో పావుగంట పడుతుంది. గడియారం కంటే వేలు నమ్మదగినది. ఆల్కహాల్ ఆవిరవుతున్నంత సేపూ లోహం చల్లబడుతుంది. కేస్ చేతికి చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదు. ఆరినదాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పితే కొంచెం జిగురుగా పట్టినట్టుండాలి, తడిగా జారకూడదు. దోసె పెనం మీద ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్దితే ఎంత పొర ఉంటుందో అంత చాలు.

కొత్త డైకి ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా రాసిన నూనె ఉంటుంది. దాన్ని తుడిచేశాక లోపలి గోడలు పొడిగా ఉంటాయి. అందుకే మొదటి ఐదారు కేసులకు మామూలు కంటే ఇంకాస్త ఎక్కువ పట్టించు. వాటి లూబ్ డైకి అంటి, తర్వాతవాటికి దారి సులువవుతుంది. లివర్ నిదానంగా దించు. మధ్యలో బిగుసుకున్నట్టనిపిస్తే బరువేసి నొక్కకు. వెంటనే వెనక్కి తీసి, ఇంకోసారి పూసి, ఆరనిచ్చి మళ్లీ పెట్టు. సగంలో ఉన్న కేస్ వెనక్కి వస్తుంది, పూర్తిగా ఎక్కి ఇరుక్కున్నది రాదు.

ఒకవేళ ఇరుక్కుంటే సుత్తి పట్టుకోకు. డికాపింగ్ రాడ్‌ను (పాత ప్రైమర్‌ను, అంటే నిప్పు రాజేసే బిళ్లను, తోసే కడ్డీని) వీలైనంత పైకి విప్పు. కేస్ అడుగున ఉన్న ప్రైమర్ గుంటలోంచి 7వ నంబరు డ్రిల్ బిట్‌తో రంధ్రం పెద్దది చేసి, పావు అంగుళం, అంగుళానికి 20 మరల ట్యాప్ (మర కోసే పనిముట్టు) తిప్పు. డై నోటి మీద ఒక సాకెట్, దానిపైన వాషర్ పెట్టి, ఆ మరల్లోకి బోల్టు బిగిస్తూ పోతే అదే కేసును బయటికి లాక్కొస్తుంది. ఈ సామాను కిట్‌గా అమ్ముతారు. రాడ్ పైకి తీయకుండా డ్రిల్ చేస్తే దాని పిన్ను కూడా పోతుంది.

లూబ్ ఎక్కువైతే ఏమవుతుందో కూడా తెలుసుకో. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు. డైలో షోల్డర్ (కేస్ మెడ కింది వాలు) దగ్గర చేరిన మిగులు ఎటూ పోలేక ఇత్తడినే లోపలికి తోస్తుంది. షోల్డర్ మీద నున్నటి సొట్టలు కనిపిస్తే కారణం అదే. చిన్న సొట్టలు పేలినప్పుడు సరిగ్గా సాగిపోతాయి. మడతపడ్డట్టు లోతుగా ఉన్నవాటిని పారెయ్యి. సొట్టలు పదేపదే వస్తుంటే డై పక్కనున్న చిన్న గాలి రంధ్రం పూడుకుందేమో చూడు, సన్నటి తీగతో కెలికి ఆల్కహాల్‌తో తుడువు.

నెక్ సంగతి. కేస్ బయటికి వచ్చేటప్పుడు ఎక్స్‌పాండర్ బాల్ (నెక్‌ను తగినంత వెడల్పు చేసే గుండు) నెక్ లోపలి నుంచి లాక్కుంటూ వస్తుంది. అక్కడ పొడిగా ఉంటే కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినిపించిందంటే నెక్ సాగుతోందని, షోల్డర్ కూడా ముందుకు లాగబడుతోందని అర్థం. తుంపర చాలకపోతే నెక్ బ్రష్‌ను లూబ్‌తో కొద్దిగా తడిపి మూడు నాలుగు కేసులకోసారి లోపల తిప్పు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పూత ఒక కేసుకు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అయితే సైజ్ అయ్యాక షోల్డర్ కూడా ఒక్కోటి ఒక్కోచోట ఆగుతుంది. డై సర్దుబాటు మార్చకుండానే కొలతలు అంగుళంలో రెండు మూడు వెయ్యో వంతులు అటూ ఇటూ తిరుగుతుంటే, రెంచి పట్టుకునే ముందు నీ స్ప్రే చూసుకో. ఆరేడు కేసులను గేజ్‌లో పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

సైజ్ అయ్యాక లూబ్ మొత్తం తీసెయ్యాలి, అదీ ప్రైమర్ పెట్టకముందే, పౌడర్ (తూటా మందు) పోయకముందే. పేలినప్పుడు కేస్ చాంబర్ గోడను పట్టుకుని కొంత తోపును తానే భరిస్తుంది. జిడ్డుగా ఉంటే ఆ పట్టు ఉండదు, తోపంతా చాంబర్‌ను వెనక నుంచి మూసే తుపాకీ బోల్ట్ మీద పడుతుంది. నెక్ లోపల మిగిలిన జిడ్డు పౌడర్ గింజలను అంటించుకుంటుంది. టంబ్లర్ అనే కేసులు శుభ్రం చేసే యంత్రంలో మొక్కజొన్న బెండు పొడితో 20 నుంచి 30 నిమిషాలు తిప్పితే పోతుంది. తర్వాత ప్రైమర్ గుంటలోని ఫ్లాష్ హోల్‌లో పొడి గింజ ఇరుక్కుందేమో ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూడు. టంబ్లర్ లేకపోతే వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడుగు. కానీ లోపలి తడి పూర్తిగా ఆరడానికి ఎండలో ఒక రోజైనా వదిలెయ్యి.

పని అయ్యాక నాజిల్ విప్పి, ఉత్త ఆల్కహాల్‌లో ముంచి నాలుగుసార్లు పిచికారీ చేసి పెట్టు. లేకపోతే వారానికల్లా మైనం లోపల గట్టిపడి స్ప్రే రాదు, కారుతుంది.

చివరగా ఇండియా ప్రయాణం సంగతి. అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటా తయారీ నేరం, తూటా భాగాలూ ఆ చట్టం పరిధిలోకే వస్తాయి. కాబట్టి ఈ పనంతా అమెరికాలో చేసుకునేదే, తూటా సామాను ఏదీ ఊళ్లో ఎవరికీ కానుకగా పట్టుకెళ్లకు. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతో హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కకు. పక్క జేబు కుట్టులో జారిన ఒక్క కేస్ స్కానర్‌లో కనిపించినా ఎయిర్‌పోర్టు పోలీసుల దగ్గర కూర్చోవలసి వస్తుంది. ఆ బ్యాగుకు ఎర్ర టేపు చుట్టి, ప్రెస్ బల్ల కిందే ఉంచు.

నీ మావయ్య