ఆవకాయ రోజు ముప్పై జిల్లాలు

ప్రశ్న ఇది: "ఎన్నికల ముందు పార్టీ నాయకుల గురించి ఇంట్లోవాళ్లతోనో, చుట్టాలతోనో వాదించి మాటలు మానేసినవాళ్లున్నారా? తర్వాత ఎలా సర్దుకున్నారు?"

ఉన్నాను. మా బావతో 23 రోజులు మాట్లాడలేదు. 2024 మే 12 నుంచి జూన్ 4 దాకా.

మాది ఒడిశాలోని బరంపురం. చిన్న మందుల షాపు ఉంది నాకు. మా అక్కను ఇచ్చింది ఇచ్ఛాపురం. పాతిక కిలోమీటర్ల దూరం, మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. ఆ ఏడాది సరిహద్దుకు రెండు వైపులా ఒకే రోజు, మే 13 సోమవారం పోలింగ్. రెండు వైపులా అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపే. అంటే నాకు రెండు బటన్లు, బావకు రెండు బటన్లు. వాళ్లకు సైకిలూ ఫ్యానూ, మాకు శంఖమూ కమలమూ.

బావ తెలుగుదేశం మనిషి. కానీ ఆ పార్టీ మోదీతో కలిసినప్పుడల్లా ఆయన కూడా కలుస్తాడు, విడిపోయినప్పుడల్లా విడిపోతాడు. 2014లో మోదీ అంత మొనగాడు లేడన్నాడు. 2018 మార్చిలో ప్రత్యేక హోదా గొడవతో పొత్తు తెగింది. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నల్ల చొక్కా వేసుకుంటే, మా పిన్ని కూతురి పెళ్లికి బావ కూడా నల్ల చొక్కాతో వచ్చాడు. పెళ్లికి నలుపేమిటని మా అమ్మ లబలబలాడితే "ఇది నిరసన అత్తా" అన్నాడు. 2024లో మళ్లీ పొత్తు, మళ్లీ మోదీ మొనగాడు.

నేను అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ పక్షం. నా సంగతీ ఏమంత నిలకడగా లేదులెండి. ఆయన పార్టీ, మా శంఖం గుర్తు బీజేడీ (బిజూ జనతాదళ్), 2009 దాకా బీజేపీతో కలిసి కాపురం చేసిందే. తెగిపోయాక కూడా పార్లమెంటులో చాలాసార్లు బీజేపీకి మద్దతుగా చెయ్యెత్తింది. 2024 మార్చిలో కూడా పొత్తు మాటలు నడిచి, చివర్లో బెడిసికొట్టాయి. అవి కుదిరి ఉంటే నేనూ బావా ఒకే జట్టు, ఈ కథే లేదు.

ఇక ఆ ఆదివారం. మా ఇంట్లో ఆవకాయ రోజు. అక్కకీ మాకూ కలిపి ఇక్కడే పెడతారు. ముక్కలు కొట్టించి తెచ్చి, హాల్లో పాత దుప్పటి పరిచి, అందరం చుట్టూ కూర్చుని జీడి తీసి, పొర గీకి, గుడ్డతో తుడుస్తున్నాం. ముందురోజే మోదీ ఫుల్‌బనీ సభలో, కాగితం చూడకుండా ఒడిశా జిల్లాల పేర్లూ వాటి ముఖ్య పట్టణాలూ చెప్పమని నవీన్‌కు సవాలు విసిరారు. బావ ముక్క తుడుస్తూనే మొదలెట్టాడు. "ఏటి, ఇంకా శంఖమే ఊదతన్నావా? ఇరవై నాలుగేళ్లు ముఖ్యమంత్రి. జిల్లాల పేర్లు చెప్పమంటే చెప్పలేడు. ఒడియా కూడా కాగితం చూసే చదవాల."

"ముందు మనం చెబుదాం," అన్నాను.

అలా మొదలైంది పరీక్ష. జిల్లాకో ముక్క పక్కన పెట్టాలి. పెదనాన్న మొదలెట్టాడు. ఆయన చదువుకున్నప్పుడు 13 జిల్లాలే. గంజాం, కొరాపుట్, పూరీ, కటక్, బాలాసోర్... పదమూడూ గడగడా వల్లించి, అయిపోయిందని చేతులు దులుపుకున్నాడు. ఇప్పుడు 30 అంటే నమ్మడే! మా గంజాం నుంచే 1992లో గజపతి విడిపోయిందని గుర్తుచేస్తే, "అది పర్లాకిమిడి కదరా" అన్నాడు. మా అమ్మాయి ఎనిమిది కలిపింది. నేను అయిదు. 26 ముక్కల దగ్గర ఆగిపోయాం. పుట్టి పెరిగినవాళ్లం, నలుగురం, ఆగిపోయాం. దేవ్‌గఢ్, బౌధ్, సోనేపూర్, నువాపడా ఎవరికీ తట్టలేదు. చివరికి బావే ఫోన్లో చూసి చెప్పాడు. అదీ గెలుపేనన్నట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటిదాకా సరదాగానే ఉంది.

తర్వాత ఆరోగ్య కార్డుల మీదికి వెళ్లింది మాట. కేంద్రం ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్‌ను ఒడిశాలో రానివ్వలేదని ఆయన. మా బిజూ కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకైతే 10 లక్షలు ఉంటే అదెందుకని నేను. మందుల షాపువాణ్ణి కాబట్టి ఇక్కడ నాకు బలం ఎక్కువ. కానీ మీ కార్డు ఇచ్ఛాపురంలో చెల్లుతుందా, విశాఖలో చెల్లుతుందా అని ఎదురు ప్రశ్నలు వేసి ఆయనా నన్ను బాగానే ఇరికించాడు. వాదనంటే నిజానికి అదొక్కటే. మిగతాదంతా అరుపులే.

ఇంతలో అక్క అడిగింది. "సరే, మోదీకా నవీన్‌కా అని కాదు. రేపు ఎంపీ బటన్ మీద ఎవరి పేరుంటుంది?"

ఎవరమూ మాట్లాడలేదు. పెదనాన్నే చెప్పాడు. కమలం మీద ప్రదీప్ పాణిగ్రాహి, 2019లో బీజేడీ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే, పార్టీ వెళ్లగొడితే అటు వెళ్లాడు. శంఖం మీద భృగు బక్షిపాత్ర, 2019లో ఇదే బరంపురంలో కమలం గుర్తు మీద నిలబడి ఓడినవాడు. "ఇటువాడు అటు, అటువాడు ఇటు. మధ్యలో మీరిద్దరూ ముక్కలు తుడవడం మానేసి కొట్టుకుంటున్నారు," అన్నాడు.

అక్కడితో ఆగాల్సింది. బావ ఆగలేదు. "అదంతా కాదు. రేపు గెలిస్తే ఏలేది నవీన్ కాదు, పాండ్యన్. ఒక తమిళోడు వచ్చి ఒడిశాని ఏలతాడా? బయటోడు!"

ఈ మాట నాకెందుకు అంత గుచ్చుకుందో చెప్పాలి. వారం ముందు షాపులో ఒక ఒడియా పెద్దాయన, ఎప్పుడూ వచ్చేవాడే, షుగర్ మాత్రలు తీసుకుంటూ ఇదే మాట అన్నాడు. వి.కె.పాండ్యన్ మా గంజాంలో కలెక్టరుగా పనిచేసి, తర్వాత నవీన్‌కు కుడిభుజమైన మనిషి. ఆ రోజుల్లో ఆయన్ని మెచ్చుకున్నవాళ్లు ఊళ్లో చాలామందే. ఉద్యోగం వదిలి 2023 నవంబరులో పార్టీలో చేరగానే బయటివాడైపోయాడు. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, ఆ పెద్దాయనతో నేనూ తలాడించాను. గిరాకీ కదా. "అవునండీ, ఎంతైనా బయటివాడు బయటివాడే" అన్నాను కూడా. ఆయన చిల్లర జేబులో వేసుకుంటూ, ఏ కోపమూ లేకుండా, ఒడియాలో మామూలుగా అడిగాడు. "ఇంతకీ మీది ఏ ఊరు?"

"బరంపురమే."

"అది కాదు. అసలు ఊరు?"

ఇక్కడ తెలుగు మాట్లాడే ప్రతివాడికీ ఈ ప్రశ్న తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా ముత్తాత ఎక్కడికీ వలస రాలేదు. ఆయన కూర్చున్న అరుగు అక్కడే ఉంది, రాష్ట్రమే మారింది. రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది ఈ ఊళ్లోనే అని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం. అయినా అసలు ఊరు ఏదని అడుగుతూనే ఉంటారు. ఆ రోజు షాపులో నా దగ్గర జవాబు లేదు. తప్పు ఆయనది కూడా కాదు, ఆ మాట ముందుగా అన్నది నేనే కదా.

అదంతా లోపల పెట్టుకుని ఉన్నానేమో, బావ మీద విరుచుకుపడ్డాను. "1996లో పీవీ నరసింహారావు నంద్యాలతో పాటు బరంపురంలోనూ నిలబడి రెండుచోట్లా గెలిచి, మా సీటే ఉంచుకున్నాడు. అప్పుడు బయటోడని ఎందుకు అనలేదు?"

"ఆయన తెలుగోడు!"

"అదే కదా నేనంటున్నది!"

ఇక్కడికీ ఫరవాలేదు. పాయింటు నాదే. గెలుస్తున్నానని తెలిసినప్పుడు నోరు మూసుకోవడం నాకు చేతకాదు. నల్ల చొక్కా సంగతి ఎత్తాను. ఆ తర్వాత, అనకూడని మాట అన్నాను. "నాలుగు కొబ్బరి చెట్లకు డబ్బులిచ్చారని జన్మంతా వాళ్ల జెండా మోస్తావు."

బావ చేతిలో గుడ్డ కింద పెట్టేశాడు. లేచి, చేతులు కడుక్కుని, అక్కను పిలిచాడు. భోజనం చేయలేదు. ముక్కలు అలాగే ఉన్నాయి దుప్పటి మీద.

కొబ్బరి చెట్ల సంగతి తెలియనివాళ్లకు ఇది చిన్న మాటే అనిపిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానమంతా కొబ్బరి, జీడిమామిడి తోటలు. కవిటి వైపు బావ వాళ్ల తోట ఉండేది. మర్నాడు నేను వెళ్లి చూశాను. చెట్లన్నీ ఒకే వైపుకు పడి ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. వాళ్ల నాన్న పెట్టిన చెట్లు. బావ ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నాడు, ఏడవలేదు, ఊరికే కూర్చున్నాడు. ముఖ్యమంత్రి చంద్రబాబు పలాసలో మకాం వేసి రోజుల తరబడి అక్కడే ఉన్నారన్నది ఆయనకు వార్త కాదు. తన తోట పడిపోయినప్పుడు ఎవరో ఒకరు వచ్చి నిలబడ్డారన్న లెక్క. సాయం ఎంత వచ్చింది, అందరికీ అందిందా అన్నది వేరే. కొందరికి అందలేదని ఆయనే తిట్టేవాడు.

మరి నాది? నాదీ తుపానే. 2013 అక్టోబరు 12 రాత్రి, పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నా షాపు పైకప్పు రేకులు లేచిపోయాయి. కానీ మనుషులు మిగిలారు. గోపాల్‌పూర్ ఒడ్డున ఉండే నోళియా జాలర్లు, మన తెలుగువాళ్లే, నా ఖాతాదారులు. రెండు రోజుల ముందే పోలీసులు వచ్చి ఇళ్లు ఖాళీ చేయిస్తుంటే వాళ్లు తిట్టుకుంటూ వెళ్లారు. రాష్ట్రమంతా కలిపి దాదాపు పది లక్షల మందిని అలా తరలించారు. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేల దాకా చనిపోయిన రాష్ట్రంలో ఈసారి పోయినవాళ్లు పదుల్లోనే. తర్వాతి వారం ఆ జాలర్లే వచ్చి పాత బాకీలు తీర్చారు. ఆ రోజు నుంచి నవీన్‌ను ఎవరేమన్నా నాకు నచ్చదు. ఒడియా రాకపోతే ఏం?

ఇద్దరం ఒకే సముద్రపు దెబ్బ తిన్నవాళ్లం. ఆయనది ఒక గాలి, నాది ఒక గాలి. నా గాలి గురించి ఎవరైనా వెటకారం చేస్తే ఊరుకోని నేను, ఆయన చెట్లను ఎగతాళి చేశాను. ఇది నాకు ఆ రోజే తెలియలేదు. తెలిసేసరికి వారం పట్టింది, ఫోన్ చేయడానికి మాత్రం అహం అడ్డొచ్చింది.

జూన్ 4 సాయంత్రానికి రెండు రాష్ట్రాల లెక్కా తేలిపోయింది. అటు 175లో 164 కూటమికి. ఇటు 147లో బీజేపీకి 78, మాకు 51. బావ రెండువైపులా గెలిచాడు, నేను ఒకవైపే ఉండి ఓడాను. చీకటి పడ్డాక ఫోన్. ఆయనే. ఎత్తకూడదనుకున్నాను, ఎత్తాను.

"అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయి. ఇక్కడ ఊరేగింపులని షాపులన్నీ కట్టేసినారు. రాత్రి బస్సులో పంపగలవా?"

"పంపుతాను."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల టపాకాయలు వినపడుతున్నాయి. "మీ ఆయన కంటాబాంజీలో పోయాడంట కదా," అన్నాడు. నవీన్ రెండు చోట్ల నిలబడ్డాడు, కంటాబాంజీలోనూ మా గంజాంలోని హింజిలిలోనూ. నేను ఏమీ అనలేదు. "హింజిలి గెలిచాడులే."

"అయిదు వేల లోపే. పోయినసారి అరవై వేలు."

"గెలుపు గెలుపే," అన్నాడు బావ. నన్ను ఓదారుస్తున్నాడని అప్పుడు అర్థమైంది. చెట్ల మాట తప్పని చెప్పాను. "ఆ రోజు ఎండ ఎక్కువుండింది," అన్నాడు.

మీరు అడిగింది ఎలా సర్దుకున్నారని కదా. పెద్ద కిటుకేమీ లేదు. వాదించడం మేం మానలేదు, మానితే పండగలకు మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఇప్పుడు మాట పెరుగుతోందనిపిస్తే అక్క ఆ రోజు అడిగిన ప్రశ్నే వేస్తాం. నాయకుణ్ణి వదిలెయ్, నీ బటన్ మీద ఎవరి పేరుంది, అతను నిరుడు ఏ పార్టీ? సగంసార్లు అక్కడే నవ్వుతో ఆగిపోతుంది. మిగతా సగంసార్లు ఆగదు. ఒకటి మాత్రం ఇద్దరం ముట్టుకోం: ఆయన తోట, నా రేకులు. వాట్సాప్ గ్రూపులో అయితే నేను అసలు వాదించను, అక్కడ ఎదుటివాడి మొహం కనపడదు. బావ ఆ రోజు గుడ్డ కింద పెట్టడం నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఫోన్లో అయితే ఇంకో నాలుగు అనేవాణ్ణే.

ఆ ఏడాది ఆవకాయ సంగతి చెప్పలేదు. మా కేకల మధ్య అమ్మ ఉప్పు ఒకసారి వేసిందో రెండుసార్లు వేసిందో ఆమెకే తెలియదు. ఏడాది పొడవునా కషాయంలా ఉంది. ఇచ్ఛాపురం నుంచి అక్క ఫోన్ చేసి ఉప్పెక్కువైందన్నప్పుడల్లా అమ్మ మోదీని ఒకసారి, నవీన్‌ను ఒకసారి తిట్టేది.