బంగారం వాటా 15 శాతం దాటింది: ఎప్పుడు అమ్మాలి, ఎంత అమ్మాలి?

రిటైర్మెంట్ డబ్బు 80 లక్షల్లో బంగారం 10 శాతం ఉంచుకున్నారు. ధర పెరిగి ఆ 8 లక్షలు 12.8 లక్షలయ్యాయి, వాటా 15 దాటింది. ఇప్పుడే అమ్మాలా, ఇంకా పెరుగుతుందేమో ఆగాలా అని మీ సందేహం.

ధర మాట పక్కన పెట్టి వాటా చూడండి. 2011లో ఔన్సు 1,900 డాలర్ల దాకా వెళ్లిన బంగారం 2015 చివరికి 1,050 దగ్గరికి దిగింది. పాత గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2020లోనే. జీతం వస్తున్నప్పుడు తొమ్మిదేళ్లు ఓపిక పట్టొచ్చు, పెన్షన్ వయసులో నెల ఖర్చులు ఆగవు.

ముందు లెక్కలోంచి నగలు తీసేయండి. ఎలాగూ అమ్మరు కదా, వాటిని కలిపితే వాటా ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది. ఈటీఎఫ్ (షేర్లలా ఎక్స్ఛేంజీలో కొని అమ్మే బంగారం ఫండ్), ఫండ్ సంస్థ దగ్గర కొనే గోల్డ్ ఫండ్, సావరిన్ గోల్డ్ బాండ్లు (బంగారం ధరకు ముడిపెట్టిన ప్రభుత్వ బాండ్లు), అమ్మడానికి ఉంచిన నాణేలు, ఇవి చాలు.

హద్దుగా లక్ష్యానికి అటూ ఇటూ దానిలో నాలుగో వంతు పెట్టుకోవడం నాకు నచ్చే పద్ధతి. 10 శాతానికి అది 7.5 నుంచి 12.5. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో చూడండి, హద్దుల్లో ఉంటే కదపొద్దు. రోజూ చూస్తే అక్కర్లేని కుదుపులకు కంగారు పడతారు. 2024 జులై 23న దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే మన దగ్గర ధర పడింది, ప్రపంచ ధరలో పెద్ద మార్పేమీ లేదు.

ఇప్పుడు మీ లెక్క. మిగతావి మారలేదనుకుంటే మొత్తం 84.8 లక్షలు, అందులో 10 శాతం 8.48. అంటే 4.32 లక్షలు తగ్గించాలి. ఇదంతా ఒకేసారి అమ్మనక్కర్లేదు. సగం ఇప్పుడు అమ్మి ఎఫ్‌డీలోకో, 30 లక్షల పరిమితి నిండకపోతే సీనియర్ సిటిజన్ స్కీములోకో మార్చండి. మిగతా సగం నెలనెలా కొంచెం అమ్ముతూ ఖర్చుకు వాడుకోండి. నెలకు 40 వేలైతే అయిదు నెలల పైన వస్తుంది, ఆ నెలల్లో వచ్చే వడ్డీని ముట్టుకోకండి. ఈ అమ్మకాల మధ్యలో మార్చి, ఏప్రిల్ పడితే లాభం రెండు ఆర్థిక సంవత్సరాలకు సర్దుకుంటుంది కూడా.

చాలామంది పొరపడేది పన్ను దగ్గర. ఈటీఎఫ్ 12 నెలలు, గోల్డ్ ఫండ్, నాణేలు 24 నెలలు దాటితే లాభం మీద 12.5 శాతం. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదన్న రిబేటు ఈ లాభానికి వర్తించదు, షేర్లకున్న 1.25 లక్షల మినహాయింపూ లేదు. మీ యూనిట్లన్నీ ఒకే ధరకు కొన్నవైతే 4.32 లక్షల్లో లాభం 1.62 లక్షలు, పన్ను 20,250, సెస్సుతో 21,060. విడతలుగా కొనుంటే డీమ్యాట్‌లో ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క, కాబట్టి ముందువి తక్కువ ధరకు కొన్నవైతే లాభం ఇంకా ఎక్కువ తేలుతుంది.

గోల్డ్ బాండ్లను చివర్న తాకండి. జారీ చేసినప్పుడే నేరుగా కొని ఎనిమిదేళ్లూ ఉంచితే లాభం మీద పన్ను లేదు, 2.5 శాతం వడ్డీ అదనం. ఎక్స్ఛేంజీలో కొనేవాళ్లు తక్కువ, అనుకున్న ధర దొరక్కపోవచ్చు. అవి మెచ్యూరయ్యే ఏడాది బంగారం వాటా దానంతటదే తగ్గుతుంది, ఆ తేదీలు ముందే రాసి పెట్టుకోండి.

వెండి ఉంటే దాని వాటా విడిగా చూడండి, హద్దు ఇంకా వెడల్పుగా పెట్టండి. దాని ఊగిసలాట బంగారం కన్నా బాగా ఎక్కువ. 2025 అక్టోబర్‌లో వెండి కొరత వల్ల ఈటీఎఫ్‌లు అసలు విలువ కన్నా పైన ట్రేడయ్యాయి, కొన్ని ఫండ్ సంస్థలు వెండి ఫండ్లలో ఏకమొత్తం పెట్టుబడులు ఆపేశాయి. అమ్మేవాళ్లకు అలాంటి రోజు లాభమే, కొనేవాళ్లకు నష్టం.

అందుకే బంగారమైనా వెండైనా ఈటీఎఫ్ ఆర్డర్ పెట్టే ముందు ఫండ్ సంస్థ సైట్‌లో ఐనావ్ (యూనిట్ అసలు విలువ ఆ క్షణంలో ఎంతో చెప్పే అంకె) చూసి, ఆ ధరకు దగ్గర్లో లిమిట్ ఆర్డరే (మీరు పెట్టిన ధరకు లేదా అంతకన్నా మెరుగైన ధరకే అమలయ్యే ఆర్డర్) పెట్టండి. మార్కెట్ తెరిచిన, మూసే పావుగంటలు వదిలేయండి.