మందుల ఫ్యాక్టరీల మురుగునీటి వల్ల యాంటీబయాటిక్‌లు పనిచేయకుండా పోతాయా?

పోతాయి. ఇందుకు ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ హైదరాబాద్ పక్కనున్న మన పటాన్‌చెరే. అక్కడ దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే శుద్ధి కేంద్రం మీద స్వీడన్ పరిశోధకులు 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు!

మందు బ్యాక్టీరియాకు కొత్త శక్తి నేర్పదు. లొంగేవాటిని చంపేస్తుంది. జన్యుమార్పు వల్ల అప్పటికే తట్టుకోగలిగినవి మిగిలి, పోటీ లేకుండా పెరుగుతాయి. అంతటితో ఆగితే కొంత నయం. నన్ను భయపెట్టేది తర్వాతి మెట్టు. మందును తట్టుకునే శక్తినిచ్చే జన్యువుల్లో చాలావాటిని ప్లాస్మిడ్‌లనే చిన్న డీఎన్‌ఏ వలయాలు మోస్తాయి. బ్యాక్టీరియా వాటిని పక్కనున్న వేరే జాతికి కూడా అందించగలదు. వాగులో మామూలుగా బతికే, మనకు ఏ హానీ చేయని సూక్ష్మజీవి దగ్గరున్న జన్యువు అలా రోగకారక క్రిమికి చేరుతుంది. శుద్ధి తొట్టిలో ఇళ్ల మురుగునీరు కూడా కలిస్తే మన పేగుల బ్యాక్టీరియా, మందు, ఆ జన్యువులు ఒకేచోట చేరతాయి.

మందుకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి, యాంటీబయాటిక్ లేకపోయినా, రాగి, జింక్ లాంటి లోహాల కాలుష్యం కూడా కారణం కావచ్చు: లోహాన్ని తట్టుకునే జన్యువూ, మందును తట్టుకునే జన్యువూ కొన్నిసార్లు ఒకే ప్లాస్మిడ్ మీద ఉంటాయి.